మనిషే వెళ్లని చోటికి యంత్రం వెళ్తే జనానికి అంత సంబరం ఎందుకు?

మీరు అడిగింది ఇది: శని, గురు గ్రహాల చుట్టూ తిరిగే చందమామల దగ్గరికి, అంగారకుడి మీదికి రోబో నౌకలను పంపితే మామూలు జనం కూడా టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొడతారు, కొందరైతే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మనిషి అడుగే పెట్టని చోటు గురించి అంత సంబరం దేనికి? ఎవరికైనా సొంత అనుభవం ఉందా?

నాకు ఉందండి. కాస్త వివరంగానే చెబుతాను.

నేను నాయుడుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారంటే మా ఊళ్లో అందరం మిద్దెలు ఎక్కుతాం. ముందు ఆగ్నేయం వైపు చెట్ల మీదుగా వెలుగు లేస్తుంది. చప్పుడు చాలాసేపటికి గానీ రాదు. వెలుగు కనపడ్డప్పటి నుంచి ఆ ఉరుము వినపడేదాకా పిల్లల చేత సెకన్లు లెక్కపెట్టిస్తాను. వచ్చిన అంకెను మూడుతో భాగిస్తే దాదాపుగా మాకూ రాకెట్‌కీ మధ్య ఎన్ని కిలోమీటర్లో తెలిసిపోతుంది. పిల్లలకు ఈ లెక్కంటే చాలా ఇష్టం.

కానీ రాకెట్ ఎగిరినప్పటి సంబరం వేరు, మీరు అడిగిన సంబరం వేరు. రాకెట్ కాసేపటికి కనపడకుండా పోతుంది, జనం మిద్దె దిగి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. చిన్నప్పటి నుంచి చూసిన రాకెట్లన్నీ కలిపినా నాకు ఇవ్వనిది ఒక్క ఫోటో ఇచ్చింది.

అది 2005 సంక్రాంతి. సునామీ వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. మా వైపు తీరం ఊళ్లలో జనం ఇంకా తేరుకోలేదు, పండగ పండగలా లేదు. సరిగ్గా ఆ సంక్రాంతి రోజునే, జనవరి 14న, హైగెన్స్ అనే యూరప్ నౌక టైటాన్ మీద దిగింది. శని చందమామల్లో అన్నిటికంటే పెద్దది టైటాన్. దాని అడ్డుకొలత 5,150 కిలోమీటర్లు, అంటే బుధగ్రహం కంటే పెద్దది. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1655లో దాన్ని కనిపెట్టాడు. నౌకకు పెట్టింది ఆయన పేరే. అప్పటి నుంచి మూడు శతాబ్దాలకు పైగా అది టెలిస్కోప్‌లో ఒక చుక్క, అంతే. 1980లో వాయేజర్ 1 అనే అమెరికా నౌక దగ్గరి నుంచి చూసినా నారింజ రంగు పొగమంచే కనపడింది గానీ నేల కనపడలేదు.

హైగెన్స్‌ని కాసిని అనే అమెరికా నౌక ఏడేళ్ల పాటు చంకనెత్తుకుని తీసుకెళ్లింది. 1997 అక్టోబరులో బయలుదేరి, శుక్రుడి పక్కగా రెండుసార్లు, భూమి పక్కగా ఒకసారి, గురుడి పక్కగా ఒకసారి పోతూ, వాటి ఆకర్షణతోనే వేగం పుంజుకుని 2004లో శనిని చేరింది. అక్కడ విడిపోయిన హైగెన్స్ పారాచూట్‌తో దాదాపు రెండున్నర గంటలు కిందికి దిగింది. అక్కడి రేడియో కబురు భూమికి చేరాలంటేనే 67 నిమిషాలు. ఏదైనా తేడా జరిగితే మనకు తెలిసేసరికే అంతా అయిపోయి ఉంటుంది. మనం చెయ్యగలిగేది ఏమీ లేదు.

నేను ఆ ఫోటో చూసింది పండగ వెళ్లాక, నాయుడుపేటలో ఒక నెట్ సెంటర్లో. అప్పట్లో ఫోటో ఒక్కసారిగా వచ్చేది కాదు, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. ముందు నారింజ రంగు ఆకాశం వచ్చింది. తర్వాత నేలా ఆకాశం కలిసే గీత. తర్వాత నేల, దాని మీద దూరంగా చిన్న చిన్న మచ్చలు. ఫోటో అడుగుభాగం తెరుచుకునేసరికి రాళ్లు. నున్నగా, గుండ్రంగా ఉన్న రాళ్లు. ముందున్న వాటిలో ఒకటి 15 సెంటీమీటర్లు, ఇంకొకటి నిమ్మకాయంత. కెమెరా నుంచి వాటికి 85 సెంటీమీటర్లే దూరం, కాస్త వంగి చెయ్యి చాపితే అందేంత. నేను కుర్చీలో ముందుకు జరిగి స్క్రీన్‌కి మొహం ఆనించినంత పని చేశాను.

నలుపు తెలుపులో ఒక ప్రింట్ తీయించుకుని ఇంటికి తెచ్చి, అరుగు మీద కూర్చున్న నాయన చేతిలో పెట్టాను. ఏమిటో చెప్పలేదు. నాయన వ్యవసాయం చేసేవాడు, చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది ఏరు కదరా. ఎండిపోయిన ఏరు."

"ఎట్టా తెలిసింది నాయనా?"

"రాళ్లు చూడు. నీళ్లు దొర్లించిన రాళ్లు ఇవి. చేలో రాయి ఇట్టా ఉండదు."

అప్పుడు చెప్పాను, అది శనిగ్రహం దగ్గరున్న ఒక చందమామ అని. నాయన నమ్మకపోవడమో, ఆశ్చర్యపోవడమో ఏమీ చెయ్యలేదు. ఇంకాసేపు ఫోటో వంక చూసి ఒకటే అడిగాడు.

"మరి అక్కడ వాన ఎప్పుడు పడుద్ది?"

శాస్త్రవేత్తలు ఆ ఫోటోలు చూసి చెప్పిందీ అదే. ఏదో ద్రవం పారి దొర్లించబట్టే ఆ రాళ్లు అలా నున్నబడ్డాయి. దిగేటప్పుడు పైనుంచి తీసిన ఫోటోల్లో వాగులు, వాటిలో కలిసే చిన్న పాయలు స్పష్టంగా కనపడ్డాయి. కాకపోతే అక్కడ పారేది నీళ్లు కాదు. మైనస్ 180 డిగ్రీల చలిలో నీళ్లు రాయిలా గట్టిపడి ఉంటాయి, ఆ గులకరాళ్లలో ఉన్నది ఎక్కువగా మంచుగడ్డే. పారేది మీథేన్. మన ఊళ్లలో గోబర్ గ్యాస్ పొయ్యి మీద మండేది అదే వాయువు. అంత చలిలో అది ద్రవమై వానగా కురుస్తుంది, వాగులై పారుతుంది, చెరువులై నిలుస్తుంది.

మీ ప్రశ్నకు నా జవాబు అరుగు మీద నాయన అడిగిన ఆ మాటలోనే ఉంది. అప్పటిదాకా చుక్కగా ఉన్నది ఆ క్షణంలో ఒక చోటు అయిపోయింది. నేల ఉంది, ఏరు ఉంది, వాన ఎప్పుడని అడగాల్సిన చోటు. ఆ కెమెరా నేలకు మోకాలెత్తులో ఉంది. మనం ఏటి ఒడ్డున గొంతుక్కూర్చుని చూస్తే ఎలా కనపడుతుందో అలాగే చూసింది. కన్ను అక్కడ నిలబడితే చాలు, కాలు పెట్టడం తర్వాతి సంగతి. 2015లో న్యూ హొరైజన్స్ అనే నౌక ప్లూటో పక్కగా పోతూ తీసిన ఫోటోలో గుండె ఆకారపు తెల్లటి మైదానం కనపడినప్పుడు ప్రపంచమంతా దాన్ని ఒకరికొకరు పంపుకున్నదీ అందుకే అనుకుంటాను.

నాయన ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. టైటాన్ మీద ఒక ఏడాది అంటే మనకు దాదాపు 29 ఏళ్లన్నర. ఒక్కో రుతువే ఏడేళ్లకు పైగా సాగుతుంది. కాసిని మాత్రం శని చుట్టూ తిరుగుతూనే ఉంది, మళ్లీ మళ్లీ టైటాన్ పక్కగా పోతూనే ఉంది. 2010 చివర్లో దాని మధ్యరేఖ దగ్గర బాణం ఆకారంలో ఒక పెద్ద మేఘం కనపడింది. ఆ తర్వాత తీసిన ఫోటోల్లో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నేల నల్లబడి ఉంది. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండవు. వాన తడి అది. 2011లో ఆ వార్త చదివి, ఆ సాయంత్రమే చెప్పాను.

"నాయనా, టైటాన్‌లో వాన పడిందంట."

ఆరేళ్లయినా మరిచిపోలేదు. "పదునయిందా?" అన్నాడు, అంటే దున్నడానికి సరిపడా నేల తడిసిందా అని.

"నేల నల్లబడిందంట."

"అయితే పదునే."

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ సంబరంలో భయం కూడా కలిసి ఉంటుంది. హైగెన్స్ తన కబుర్లను రెండు చానెళ్లలో కాసినికి పంపింది. అందులో ఒక చానెల్ కోసం కాసినిలోని రిసీవర్‌ని ఆన్ చేసే కమాండ్ పంపడం మరిచిపోయారు. ఆ చానెల్ మొత్తం పోయింది, 700 ఫోటోలు రావాల్సింది సుమారు 350 వచ్చాయి. గాలి వేగం కొలిచే ప్రయోగం పూర్తిగా పోయినట్టే అనుకున్నారు. కానీ భూమి మీద పెద్ద రేడియో టెలిస్కోపులు హైగెన్స్ నుంచి వచ్చే ఆ సన్నటి సిగ్నల్‌నే నేరుగా పట్టుకున్నాయి, గాలి లెక్కలు వాటితో తేల్చారు. ఏడేళ్లు ప్రయాణం చేసి అక్కడ దిగిన యంత్రం వెనుక మనలాగే మరిచిపోయే మనుషులు, మరిచిపోయినదాన్ని ఎలాగోలా దక్కించుకునే మనుషులు ఉన్నారని తెలిశాక నాకు ఆ ఫోటోల మీద ప్రేమ ఇంకా పెరిగింది.

2017 సెప్టెంబరు 15న కాసిని కథ ముగిసింది. ఇంధనం అయిపోవచ్చింది. వదిలేస్తే ఎప్పటికైనా ఎన్‌సెలాడస్ మీద పడొచ్చు. అది శని చుట్టూ తిరిగే ఇంకో చిన్న చందమామ, అడ్డుకొలత 504 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖకు తిన్నగా గీత గీస్తే ఎంతో దాదాపు అంతే. అంత చిన్నదాని దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్లలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు చిమ్ముతుంటాయని కనిపెట్టింది కాసినినే. మంచు పొర కింద ఉప్పునీటి సముద్రం ఉంది. అందులో ఏదైనా జీవం ఉంటే మన నౌక మీద మిగిలిన సూక్ష్మజీవులు దాన్ని పాడుచేయకూడదని, కాసినిని కావాలనే శనిలోకి దూకించారు. మనకు సాయంత్రం 5 గంటల 25 నిమిషాలు. బడి అయిపోయాక స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ పెట్టుకుని చూస్తున్నాను. స్క్రీన్ మీద ముల్లులా నిలబడి ఉన్న ఒక ఆకుపచ్చ గీత, అదే కాసిని గొంతు. ఉన్నట్టుండి అది చదునైపోయింది. ఆ సిగ్నల్ 83 నిమిషాల ముందు బయలుదేరింది. అంటే మేం ఇంకా వింటున్నామనుకున్నప్పుడే కాసిని లేదు. తోటి మాస్టారు ఒకాయన "యంత్రానికి ఇంత బాధేమిటండీ" అన్నారు. 13 ఏళ్లు అక్కడే ఉండి రోజూ కబురు పంపింది సార్, అన్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

మా పిల్లలకు ఈ బాధ 2019లో తెలిసింది. చంద్రయాన్-2లోని విక్రమ్ సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రుడి నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు బాగానే దిగి, తర్వాత పలకలేదు. ఆ రాత్రి పిల్లలు ఇళ్లలో నిద్ర ఆపుకుని చూశారు. పొద్దున బడికి ఎర్రబడ్డ కళ్లతో వచ్చారు. "విక్రమ్ ఒక్కటే అక్కడ పడి ఉంటుందా సార్?" అని ఒక పిల్లాడు అడిగాడు. వాడికి పాఠం చెప్పలేకపోయాను.

అందుకే 2023 ఆగస్టు 23 మాకు మామూలు రోజు కాదు. సాయంత్రం పిల్లల్ని బళ్లోనే ఉంచి పెద్ద స్క్రీన్ పెట్టాం. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలు వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడిపోయారు. ఒక్క యూట్యూబ్‌లోనే ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారని తర్వాత తెలిసింది. ఎత్తు చూపించే అంకె తగ్గుతున్నకొద్దీ గదిలో టెన్షన్ పెరిగింది. పోయినసారి ఎక్కడ ఆగిపోయిందో పిల్లలకు గుర్తుంది. ఆ ఎత్తు దాటగానే వాళ్లు ఊపిరి వదలడం నాకు వినపడింది. ఆరు గంటల నాలుగు నిమిషాలకు చంద్రయాన్-3 దిగింది. ఆ అరుపులు నేను రాయలేను.

ఇలాంటివాటికి ఇంత ఖర్చు అవసరమా అని అడిగేవాళ్లు ఉంటారు. అది తప్పు ప్రశ్న కాదు. మా పిల్లల్లో ఎక్కువ మంది కూలి పనులు చేసుకునే ఇళ్ల నుంచే వస్తారు. కానీ ఆ రాత్రి జరిగింది కూడా చెప్పాలి. మబ్బు విడిపోయి అర్ధచంద్రుడు కనపడుతున్నాడు, తూర్పున శనిగ్రహం లేచింది. మా బడిలో నాలుగంగుళాల అద్దం ఉన్న ఒక చిన్న టెలిస్కోప్ ఉంది. దాన్ని బడి ఆవరణలో పెట్టాం. ముందు చంద్రుణ్ణి చూపించి, ఎనిమిదిన్నర దాటాక శని వైపు తిప్పాను. పిల్లల వెనకాల పెద్దవాళ్లు లైన్ కట్టారు. పని నుంచి నేరుగా వచ్చిన ఒక తల్లి కన్ను పెట్టి చూసి, వెనక్కి జరిగి టెలిస్కోప్ గొట్టం ముందువైపుకు వెళ్లి చూసింది. "అద్దానికి బొమ్మ అతికించారా సార్?" అంది. లేదమ్మా, నిజంగా అదే అన్నాను. మళ్లీ వచ్చి చాలాసేపు చూసింది.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చూస్తున్నప్పుడు, శనికి కాస్త ఎడంగా చిన్న చుక్క కనపడుతోందా అని అడిగాను. కనపడుతోంది అంది. ఫోన్‌లో ఆ రాళ్ల ఫోటో తీసి చూపించాను. ఆ చుక్క ఇదేనమ్మా అన్నాను. ఫోటో వంక చూసింది, టెలిస్కోప్‌లోకి చూసింది, మళ్లీ ఫోటో వంక చూసింది.

"ఈ రాళ్లు ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాయా సార్?"

"ఉంటాయమ్మా. ఫోటో తీసిన హైగెన్స్ కూడా వాటి పక్కనే ఉంది."

"వాన పడితే తడుస్తుందా?"

తడుస్తుంది అన్నాను. ఆ పిల్ల మళ్లీ కన్ను పెట్టింది. వెనక లైన్‌లో వాళ్లు జరగమంటున్నా చాలాసేపు జరగలేదు.