మూత్రపిండ ధమని డాప్లర్: ఒకే రోగికి 150, 219 ఎందుకు వచ్చాయి?

డాప్లర్ (అల్ట్రాసౌండ్‌తో రక్తవేగాన్ని కొలిచే పరీక్ష) చేస్తే కుడి మూత్రపిండ ధమనిలో రక్తపు గరిష్ఠ వేగం నిన్న సెకనుకు 150 సెంటీమీటర్లు, నేడు 219 సెంటీమీటర్లు వచ్చిందంటే, ఒక్కరోజులో నాళం ఇరుకైందనుకోవడం కన్నా కోణ సవరణలో (ధ్వని కిరణానికీ రక్తప్రవాహానికీ మధ్య కోణాన్ని యంత్రానికి చెప్పడంలో) తేడా వచ్చిందని అనుమానించడం సబబు. తిరిగొచ్చిన ధ్వనిలో అందిన పౌనఃపున్య మార్పు ఒకటే అయినా, కోణం 60 డిగ్రీలుగా పెడితే 150 చూపే యంత్రం 70గా పెడితే 219 చూపుతుంది.

1. కొలిచేటప్పుడు రోగిని ఊపిరి బిగబట్టమనండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: కోణపు గీతను రక్తప్రవాహానికి సమాంతరంగా తిప్పండి. అప్పుడు కోణం 60 దాటితే గీతను బలవంతంగా 60కి లాగకండి (రిపోర్టులో అంకె ముచ్చటగా ఉంటుంది గాని వేగం తప్పుతుంది). ప్రోబ్‌నే (ఒంటికి ఆనించే పరికరాన్నే) పక్కటెముకల వైపు నుంచి పెట్టి, నాళాన్ని మరో దిశ నుంచి చూసి, అసలు కోణాన్నే తగ్గించండి.

3. రెసిస్టివ్ ఇండెక్స్ (గరిష్ఠ వేగానికీ, గుండె సడలే దశ చివరి వేగానికీ ఉన్న తేడాను గరిష్ఠ వేగంతో భాగిస్తే వచ్చేది) నిష్పత్తి కనుక కోణంతో మారదు. అయితే ఇరుకును అదొక్కటే తేల్చదు.