తమ్ముడు పుట్టాక "ఎత్తుకో" అంటూ నడవడం మానేసిన మా అమ్మాయి

మీ బాబుకి రెండేళ్ల మూడు నెలలు, పాపకి నెలన్నర. పాప ఇంటికొచ్చిన దగ్గర్నుంచి బాబు గేటు దాటితే చాలు, రెండు చేతులూ పైకెత్తి "ఎత్తుకో" అంటున్నాడు, ఎత్తుకోకపోతే రోడ్డు మీదే చతికిలబడుతున్నాడు, ఇంట్లో మాత్రం పరుగులే పరుగులు అని రాశారు. మీకు సిజేరియన్ అయిందన్నారు. "ఎత్తుకుంటే అలవాటైపోతుందని భయం, ఎత్తుకోకపోతే వాడి ఏడుపు చూడలేకపోతున్నా, ఏం చేయను?" అని అడిగారు. నాలుగేళ్ల కిందట ఇంచుమించు ఇవే మాటలు నేను మా పిల్లల డాక్టరు గారి ముందు కూర్చుని అన్నాను. అప్పుడు మా అమ్మాయికి రెండేళ్ల ఐదు నెలలు, తమ్ముడికి మూడు వారాలు.

ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరూ తనని చూడట్లేదు అనుకున్నప్పుడు నడుస్తోందా?" నడుస్తోంది. బంతి వెనకాల పరుగెడుతోంది, మంచం ఎక్కి దూకుతోంది. అయితే కాళ్లలో ఏమీ లేదు అన్నారు. మీ బాబు విషయంలోనూ అంతే అనిపిస్తోంది. కానీ ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఇంట్లో కూడా నడవకపోయినా, ఒక కాలు మోపడానికి భయపడుతున్నా, కుంటుతున్నా, జ్వరం ఉన్నా, కీలు వాచినా దాన్ని మారాం అనుకోకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి. ఈ వయసులో చిన్నగా కాలు జారి మెలిక పడినా మోకాలి కింది ఎముకలో సన్నగా చీలిక రావచ్చు, పైకి వాపు కూడా కనిపించకపోవచ్చు. వచ్చిన మాటలు పోవడం, ముందు చేసిన పనులు చేతకాకపోవడం కూడా కనిపిస్తే అదీ వెంటనే చూపించాల్సిందే. చెల్లి పుట్టింది కదా, అందుకే ఇలా చేస్తున్నాడని ఎవరు చెప్పినా ఆగిపోవద్దు.

ఇక మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే.

మా అమ్మాయి చంటోడి పక్కన వెల్లకిలా పడుకుని, వాడిలాగే మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకునేది. పాదాలు రెండూ చేత్తో పట్టుకుని "నాకు కాళ్లు రావు" అనేది. మాటలు రావు, పళ్లు రావు అని మేం తమ్ముడి గురించి అనుకునే మాటల్లోంచి అది తీసుకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. "ఛ, నువ్వు పెద్దదానివి కదా, తమ్ముడే చిన్నవాడు" అన్నాను. ఆ వారంలో ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. దాని వైపు నుంచి చూడండి. చిన్నవాడికి నడక రాదు, అమ్మ చంకలో ఉంటాడు. తనకి నడక వచ్చు, కింద ఉంటుంది. అమ్మ చంకలోకి పోవాలంటే ఏం చేయాలో రెండేళ్ల పిల్ల తేలిగ్గానే లెక్క కట్టుకుంది.

దాన్ని మించిన తప్పు, ఎత్తుకోలేనని చెప్పడానికి తమ్ముణ్ణి కారణం చూపించడం. "తమ్ముడు ఉన్నాడు కదా, నిన్నెలా ఎత్తుకోను?" అనేదాన్ని. "అయితే వాణ్ణి కింద పెట్టు" అంది ఒకరోజు, చాలా మామూలుగా. ఆ తర్వాత నుంచి కారణం మార్చాను. "అమ్మ పొట్ట మీద దెబ్బ ఉంది, నిలబడి ఎత్తుకుంటే నొప్పి. కూర్చున్నాక నువ్వే ఎక్కు" అన్నాను. అది నిజం కూడా. రెండేళ్లు దాటిన పిల్లలు 12 కిలోలకి అటూ ఇటూగా ఉంటారు. సిజేరియన్ తర్వాత మొదటి 6 వారాలు చంటిబిడ్డని మించిన బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు. మీకు ఇప్పుడే ఆ గడువు అవుతోంది కాబట్టి చెకప్‌కి వెళ్లినప్పుడు "కుట్లు ఎలా ఉన్నాయి" అని అడిగి ఊరుకోకుండా, "పెద్దవాణ్ణి ఎత్తుకోవచ్చా" అని సూటిగా అడగండి. అప్పటిదాకా సోఫాలో కూర్చుని కుట్ల మీద చిన్న దిండు పెట్టుకోండి, వాడే ఎక్కి వచ్చి ఒళ్లో పడతాడు. నిలబడి ఎత్తుకోవడమే కుదరదు, ఒడి మాత్రం ఎప్పుడూ ఉంది. ఆ తేడా పిల్లలకి చెప్తే అర్థమవుతుంది, మా అమ్మాయికి రెండు రోజుల్లో అర్థమైంది. పరుగున వచ్చి "కూర్చో అమ్మా, కూర్చో" అనేది.

ఇప్పుడు చెప్పేది ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు బాధగా ఉంటుంది. ఒక సాయంత్రం వీధి మధ్యలో కూర్చుండిపోయింది. చంటోడు నా భుజం మీద, ఇల్లు ఇంకా వంద అడుగుల దూరం. "సరే, నువ్వు ఇక్కడే ఉండు, నేను పోతున్నా" అని నడిచాను. వెనకాలే పరుగెత్తుకొస్తుందనుకున్నా. పది అడుగులు వేసి తిరిగి చూస్తే లేచి నిలబడి ఉంది. ఏడవట్లేదు, కదలట్లేదు, చెప్పు ఒకటి ఊడిపోయి పక్కనే పడి ఉంది. అలా నన్నే చూస్తూ నిలబడిపోయింది. వెనక్కి వెళ్లి, చంటోణ్ణి ఒక చేత్తో పట్టుకుని, నేలమీదే కూర్చుని దాన్ని దగ్గరికి తీసుకున్నా. ఆ తర్వాత నాలుగైదు రోజులు గదిలోంచి గదిలోకి కూడా నా కొంగు వదల్లేదు. వదిలేసి పోతానని బెదిరిస్తే దారికొస్తారని మీకు కూడా ఎవరో ఒకరు చెప్తారు. దయచేసి చేయకండి. చెల్లి వచ్చాక అమ్మ వదిలేస్తుందేమోనన్నదే మీ బాబు భయం.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఎందుకు నా వెనక రాలేదో చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆండర్సన్ అనే పరిశోధకుడు లండన్ పార్కుల్లో తల్లులతో వచ్చిన ఈ వయసు పిల్లల్ని కూర్చుని గమనించాడు, 1972లో అది అచ్చయింది. తల్లి బెంచీ మీద కూర్చుని ఉన్నంతసేపూ పిల్లలు కాస్త దూరం పోతారు, ఆగుతారు, వెనక్కి వస్తారు, మళ్లీ పోతారు. కాళ్లు చక్కగా పనిచేస్తాయి. తల్లి లేచి నడక మొదలుపెట్టగానే మాత్రం ఆగిపోతారు, ఎత్తుకోమని చేతులు చాస్తారు. ఒకచోట స్థిరంగా ఉన్న అమ్మ చుట్టూ తిరగడం వీళ్లకి వచ్చు. కదిలిపోతున్న అమ్మని అందుకుంటూ వెంట నడవడం ఇంకా రాదు. అది మూడేళ్లకి అటూ ఇటూగా మెల్లగా వస్తుంది. ఇది చదివాక నాకు ఆ వీధి, ఆ ఊడిన చెప్పు గుర్తొచ్చాయి. మొండితనం అని పేరు పెట్టిన దానిలో సగం ఆ వయసుదే. తమ్ముడు పుట్టడం దాని మీద ఇంకొంచెం భయం కలిపింది, అంతే.

అప్పటి నుంచి నేను నడిచే పద్ధతి మార్చుకున్నాను. ముందు నడవడం మానేశాను. పక్కనే, దాని అడుగుకి అడుగు. అది ఆగితే నేనూ ఆగి కిందికి కూర్చుంటా, ముఖం ముఖం ఎదురుగా ఉండేలా. రెండు నిమిషాలు ఏ రాయో ఆకో చూస్తాం. చాలాసార్లు తనే లేచి నడిచేది. గమ్యం చెప్పడం కూడా మానేశాను, "ఇంటిదాకా నడువు" అంటే రెండేళ్ల పిల్లకి అదెంత దూరమో తెలియదు. "ఆ గోడ దాకా" అంటే తెలుస్తుంది. గోడ దగ్గర ఆగి "ఇప్పుడు ఏ దాకా?" అని దాన్నే అడిగేదాన్ని. దూరం అది చెప్పిందే. ఇలా నడిస్తే పది నిమిషాల దారికి అరగంట పడుతుంది. టైముకి చేరాల్సిన పని ఉన్న రోజు దీన్ని మొదలుపెట్టకండి, ఆ రోజు స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి తోసుకుపోండి, నేరమేమీ లేదు.

డాక్టరు గారు ఎత్తుకోవచ్చు అన్నాక నాకు పనికొచ్చింది ఇంకోటి ఉంది. మొదట్లో "ఆ చెట్టు దాకా నడిస్తే ఎత్తుకుంటా" అనేదాన్ని. దారి పొడుగునా ఏడుపే, ఎందుకంటే తనకి కావలసింది చివర్లో ఉంది, దొరుకుతుందో లేదో తెలియదు. దాన్ని తిరగేశాను. గేటు దగ్గర ముందు ఎత్తుకున్నా, బాగా హత్తుకుని పాతిక అడుగులు మోశా, తర్వాత "ఇప్పుడు దిగుదామా?" అన్నా. మూడోరోజుకి తనే కాళ్లు ఆడించి జారి దిగింది. ఇది ప్రతి పిల్లకీ పనిచేస్తుందని చెప్పలేను, కానీ మా ఇంట్లో పిల్లని అడక్కముందే ఎత్తుకున్న రోజుల్లో అడగడం సగానికి తగ్గింది. ఇంట్లోంచి బయల్దేరే ముందు పది నిమిషాలు కూర్చుని ఒళ్లో పెట్టుకున్నా అంతే పనిచేస్తుంది. ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ల మీద కూర్చుని, పిల్లని ఒంటికి ఆనించుకున్నాకే లేవండి. స్టూలు మీదో మెట్టు మీదో నిలబెట్టి ఎత్తుకుంటే ఇంకా తేలిక.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం మావారు చెప్పిన చిన్న మార్పు. అప్పటిదాకా ఇంట్లో అందరూ నాకు సాయం చేయాలని పెద్దదాన్నే తీసుకుపోయేవాళ్లు. అమ్మమ్మతో ఆట, నాన్నతో షికారు, నేను చంటోడితో గదిలో. దానికి కనిపించింది ఏంటంటే తమ్ముడు వచ్చాక తనని అమ్మ దగ్గర్నుంచి పంపించేస్తున్నారు. "పాలు తాగేశాక వాణ్ణి నాకివ్వు, దాన్ని నువ్వు తీసుకెళ్లు" అన్నారు ఆయన. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు, నా రెండు చేతులూ ఖాళీగా, అదీ నేనూ. మొదటిరోజు బయట అడుగు పెట్టగానే నా చేతులు చూసింది. "తమ్ముడేడి?" అంది. నాన్న దగ్గర అన్నా. నా వేలు పట్టుకుని నడిచింది. ఎత్తుకో అని అడగనే లేదు.

ఇంట్లో ఇంకో మనిషి లేని పూట చంటిబిడ్డని ఎదురు క్యారియర్‌లో గుండెకి కట్టుకుంటే పెద్దవాడికి ఒక చెయ్యి పూర్తిగా ఇవ్వచ్చు. వంగాల్సి వస్తే నడుం దగ్గర కాకుండా మోకాళ్లు మడిచి కిందికి దిగండి, బిడ్డ ముక్కూ నోరూ ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. బండ్ల రద్దీ ఉన్న రోడ్డు దాటేటప్పుడు ఈ నడక పాఠాలేవీ వద్దు, చెయ్యి వదలకుండా దాటించేయడమే. చెల్లెలి స్ట్రోలర్ తోసే పని బాబుకి ఇచ్చి చూడండి, మీ చెయ్యి పిడి మీదే ఉంచుకుని. మా అమ్మాయి దేనికీ నడవని రోజుల్లో కూడా దానికి నడిచేది.

చెయ్యి పట్టుకుని నడిపించేటప్పుడు ఒక జాగ్రత్త. మొండికేసి కూర్చున్న పిల్లని ఒక చెయ్యి పట్టుకుని పైకి లాగకండి. ఒకసారి మా ఇంట్లో అలా తొందరలో లాగితే మోచేతి దగ్గర ఎముక పక్కకి జారింది. నాలుగేళ్లలోపు పిల్లల్లో ఇది తరచూ జరిగేదేనట. వాపు లేదు, పిల్ల మాత్రం ఆ చెయ్యి కదపకుండా ఒంటికి ఆనించుకుని కూర్చుంది. డాక్టరు క్షణంలో సరిచేశారు, అరగంటకి ఆడుకుంది, కానీ ఆ అరుపు నేను మర్చిపోలేను. లేపాలంటే రెండు చంకల కింద చేతులు పెట్టి లేపండి.

బయట నడవట్లేదు కాబట్టి వ్యాయామం లేదని కూడా దిగులు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలంది, స్ట్రోలర్‌లో ఒకేసారి గంటకి మించి కట్టి ఉంచొద్దంది. ఆ 180 నిమిషాల్లో ఇంట్లో పరుగులు, ఎక్కి దూకడాలు అన్నీ లెక్కకొస్తాయి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబు అది మధ్యాహ్నానికే పూర్తి చేస్తున్నాడు.

మాకు మొత్తం రెండున్నర నెలలు పట్టింది. సర్దుకుంది అనుకున్నాక జ్వరం వచ్చినప్పుడు ఓ వారం, తమ్ముడు పాకడం మొదలుపెట్టినప్పుడు ఓ పది రోజులు మళ్లీ చేతులు చాచింది. రెండోసారి నేను కంగారు పడలేదు, కూర్చుని ఒళ్లోకి తీసుకున్నా. ఇప్పుడు తనకి ఆరేళ్లు దాటాయి, బడి నుంచి వచ్చేటప్పుడు తమ్ముడు "ఎత్తుకో" అని కూర్చుంటే "ఆ గోడ దాకా రా" అని వాడి పక్కన కూర్చుంటోంది.

మీ బాబు రోడ్డు మీద కూర్చున్నప్పుడు మీతో ఇంకెవరైనా ఉంటున్నారా, ఒక్కరే ఇద్దరినీ తీసుకెళ్తున్నారా? ఉంటే పాప ఎవరి చేతిలో ఉంటోంది? అది రాస్తే మీకు ఏది కుదురుతుందో ఇంకొంచెం వివరంగా చెప్తాను.