స్టీలు గ్లాసు ప్లాస్టిక్‌లా వస్తోందా? ముందు కిటికీ పెట్టు
తమ్ముడూ, ఇంట్లో కడప బండ మీద పెట్టిన స్టీలు గ్లాసు, గాజు గ్లాసులో నీళ్లు, ఈ ఫోటోనే బ్లెండర్‌లో (3D బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్), సీన్‌ను చిత్రంగా మార్చే దాని సైకిల్స్ ఇంజిన్‌తో చేస్తే స్టీలు బూడిద రంగు ప్లాస్టిక్‌లా వస్తోందన్నావు. మెటీరియల్ తప్పు కాదది. స్టీలు చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది, నీ సీన్‌లో చుట్టూ ఏమీ లేదు! ఫోటో జూమ్ చేసి చూడు: కిటికీ, తలుపు, ఫోటో తీస్తున్న నువ్వు కూడా గ్లాసు మీద వంకరగా కనిపిస్తారు. వాటన్నిటినీ మామూలు పలకలతో కెమెరా వెనక నిలబెట్టు, కిటికీ ఉన్నచోట ఏరియా లైట్ (పలకలా వెడల్పుగా వెలిగే లైటు) పెట్టు. స్టీలు మెటీరియల్‌లో మెటాలిక్ (లోహపు గుణం) 1, రఫ్‌నెస్ (గరుకుదనం) 0.15 దగ్గర మొదలుపెట్టు.

నీళ్లకు ఐఓఆర్ (వక్రీభవన గుణకం, అంటే వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.33, గాజుకు 1.5. నీళ్ల మెష్ (3D ఆకారం) గాజులోకి కొంచెం చొచ్చుకుపోవాలి, మధ్యలో సందు ఉంటే అంచులు అద్దంలా మెరుస్తాయి. బండను మరీ నల్లగా చేయకు. కొత్త రెండర్ ఇక్కడ పెట్టు, చూద్దాం.