దసరా తర్వాత గొర్రెల మందల ఫొటోలు: ముందుగా మంద వేళలు తెలుసుకోండి

దసరాకు విజయనగరం వచ్చి, సిరిమానోత్సవం చూసుకొని, తర్వాత ఒక వారం రోజులు నెల్లిమర్ల, రామతీర్థం వైపు గొర్రెల కాపరులనూ మందలనూ శరత్కాలపు ఎండలో ఫొటోలు తీయాలనుకుంటున్నానని రాశారు. కిందటేడు తీసిన వాటిలో గొర్రెలు సున్నం పూసినట్టు తెల్లబారిపోయాయనీ, కాపరి ముఖం మాత్రం నల్లగా మిగిలిందనీ, పొద్దున్నే ఐదున్నరకు వెళితే పొలాల్లో మంద జాడే కనిపించలేదనీ చెప్పారు. నేను శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున పెరిగినవాణ్ణి. పన్నెండేళ్లుగా ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో కెమెరా పట్టుకొని మందల వెంట తిరుగుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మంద కనిపించకపోవడం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే తక్కినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వానలు వెనకబట్టే ఈ రోజుల్లో తెల్లవారేసరికి గడ్డి మంచుతో తడిసి ముద్దగా ఉంటుంది. జీవాల కడుపులో చేరే నులిపురుగుల పిల్లలు ఆ తడిలోనే గడ్డి కొసలకు పాకుతాయి. అందుకే అనుభవమున్న కాపరి ఎండెక్కి గడ్డి ఆరేవరకు మందను వదలడు. నేను కూడా మొదటి ఏడాది మీలాగే చీకటితో వెళ్లి గట్టు మీద కూర్చుంటే, ఒక పెద్దాయన చూసి, "మంచారకుండా ఇప్పితే జబ్బు సేస్తాది బావూ, ఎండెక్కనీ" అన్నాడు. ఆయన మంద కదిలింది ఎనిమిదిన్నర దాటాకే. అప్పటికి మనం కోరుకునే పసుపురంగు వెలుగు ఎప్పుడో అయిపోయింది.

కాబట్టి ఉదయపు వెలుగు కావాలంటే పొలానికి కాదు, మంద ఉన్న దొడ్డికి వెళ్లాలి. అక్కడ దొరికే దృశ్యాలు మేతలో దొరకవు. రాత్రంతా గంప కింద కప్పిపెట్టిన పిల్లలను వదలగానే అవి తల్లులను వెతుక్కుంటూ పరుగెత్తుతాయి, ఒకటి రెండు నిమిషాలు అరుపులతో దొడ్డి హోరెత్తుతుంది. దోమల కోసం వేసిన పొగ ఇంకా తేలుతూ ఉంటే, వాలుగా వచ్చే ఎండ ఆ పొగలో చారలు చారలుగా కనిపిస్తుంది. పిల్లల పరుగు స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు, నడిచే జీవాలకు ఐదువందలో వంతు సరిపోతుంది. ఇంకా వెలుతురు చాలని ఆ సమయంలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచడానికి వెనకాడకండి, ఫొటోలో కాస్త గరుకుదనం ఉన్నా ఫరవాలేదు గాని పిల్ల కాళ్లు చెదిరితే ఆ ఫొటో పనికిరాదు. రైతు ఎరువు కోసం చేలో మంద కట్టించుకొనే చోట దొడ్డి రోజుకొక చోటికి మారుతుంది గనుక, రేపు ఎక్కడుంటుందో ముందురోజు సాయంత్రమే కాపరిని అడిగి తెలుసుకోండి.

ఇక సాయంత్రం. మన ప్రాంతం సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే నడుమ, మళ్లీ జూలై, ఆగస్టు నెలలు కలిసే రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు, ఆ ఎండలో గొర్రె వీపు తప్ప మరేదీ కనిపించదు. అక్టోబరు నడిమికి మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 63 డిగ్రీలకూ, నవంబరు మొదటి వారానికి 56 డిగ్రీలకూ దిగుతుంది. రోజంతా ఎండ కొంచెం దక్షిణం నుంచి ఏటవాలుగా పడటం వల్లే ఈ కాలంలో వస్తువుల ఆకారం బాగా తేలుతుంది. అక్టోబరు మధ్యలో విజయనగరంలో సూర్యుడు సుమారు 5:50కు ఉదయించి 5:35కు అస్తమిస్తాడు. అయితే మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు, అందువల్ల మంచి వెలుగు ఉండేది నలభై నిమిషాలే. దానికి తోడు మీరు వెళ్లే వైపు పడమట కొండలున్నాయి. రామతీర్థంలో బోడికొండ, గురుభక్తులకొండ నీడలో నిలబడితే పంచాంగంలో రాసిన సమయానికి చాలా ముందే ఎండ పోతుంది. కాబట్టి కొండకు తూర్పున కాకుండా, కొండ నీడ చేరని చంపావతి వైపు మైదానంలో నాలుగున్నరకే సిద్ధంగా ఉండండి. కళింగపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్లలో తూర్పున అడ్డేమీ ఉండదు గనుక అక్కడ ఉదయమే మేలు.

గోధూళి గురించి కూడా అడిగారు. ఆశ్వయుజంలో నేల తడిగా ఉంటుంది, ధూళి లేవదు. వరుసగా పది పదిహేను రోజులు వాన లేకపోతే బండిబాటల మీద కొంచెం లేస్తుంది గాని, అసలైన ధూళి కోతలయ్యాక, మందలు కోసిన మళ్లలోకి దిగాకే. ఇప్పుడు చేలల్లో వరి నిలబడి ఉంటుంది, మందలు చెరువు గట్ల మీద, మెట్టల మీద, కొండవాలులో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపైతే జీడితోటల్లో మేస్తాయి. దోటితో కాపరి కొమ్మ వంచుతుంటే మేకలు వెనకకాళ్ల మీద లేచి ఆకు అందుకోవడం, ఆకుల గుండా ఎండ ఆకుపచ్చగా దిగడం ఈ కాలపు దృశ్యమే. నా దృష్టిలో అది ధూళి కన్నా అందమైనది. అయితే జీడిచెట్ల కింద మనిషి ముఖానికి కూడా ఆ పచ్చదనం అంటుకుంటుంది, కాపరిని చెట్టు అంచుకు, ఎర్రమట్టి నేల దగ్గరికి రమ్మని అడగండి. ఆ నేల మీద నుంచి ఎగిసే వెలుగు ముఖానికి వెచ్చని రంగునిస్తుంది.

కిందటేడు మీ ఫొటోల్లో గొర్రెలు తెల్లబారడం, కాపరి ముఖం నల్లబడటం రెండూ ఒకే కారణం వల్ల జరిగాయి. మీరు సూర్యుడికి ఎదురుగా నిలబడ్డారు, కెమెరా చీకటిగా ఉన్న భాగాన్ని చూసి మొత్తాన్ని వెలిగించడానికి ప్రయత్నించింది, వెలుగు అంచున ఉన్న తెల్ల గొర్రెలు కాలిపోయాయి. సూర్యుణ్ణి పక్కకు, మీ భుజం వైపుకు తెచ్చుకొని, గొర్రెల వీపు మీది తెలుపు పోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి, రా ఫైలులో (కెమెరా పట్టిన వెలుగునంతా మార్చకుండా దాచే ఫైలు) తీసి, ముఖాన్ని తర్వాత కంప్యూటర్‌లో కొంచెం వెలిగించుకోండి. ఫ్రేమంతా తెల్ల గొర్రెలే ఉంటే మాత్రం తిరగబడుతుంది, కెమెరా వాటిని బూడిదరంగుగా చూపుతుంది గనుక అరనుంచి ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచాలి. నల్ల గేదెలకు అదే లెక్కలో తగ్గించాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో (కెమెరాయే రంగులు సరిచేసుకొనేలా) వదిలితే అది ఆ బంగారు రంగునే కడిగేస్తుంది, 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా ఉంచండి. ఫోన్‌తో తీసినా ముఖం మీద వేలు నొక్కిపట్టి వెలుతురు తగ్గిస్తే చాలు. వెనక భాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వాడకండి, అది కొమ్ములను కోసేస్తుంది.

నేను చేసిన ఒక తప్పు మీరు చేయకూడదని ఇది కూడా చెబుతున్నాను. ఒక సాయంత్రం మంద మొత్తం ఎదురుగా రావాలని, కాపరిని అడగకుండా గట్టు మీద దారికి అడ్డంగా ట్రైపాడ్ పెట్టి కూర్చున్నాను. ముందున్న పొట్టేలు నన్ను చూసి బెదిరి పక్కకు దూకింది, దాని వెనకే మందంతా వెన్ను తీసిన వరిచేలో పడింది. రైతు కేకలు వేశాడు, బందెలదొడ్డికి తోలిస్తానన్నాడు, ఆ మాటలన్నీ పడింది నేను కాదు, కాపరి. నేను రైతు కాళ్లావేళ్లా పడి నష్టం కట్టాను గాని, ఆ రోజు కాపరి తలవంచుకొని నిలబడిన తీరు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అప్పటినుంచి మందకు ఎదురుగా వెళ్లను. ముందు రెండు రోజులు కెమెరా తీయకుండా కాపరి పక్కనే నడుస్తాను, మూడో రోజుకు జీవాలు నన్ను పట్టించుకోవడం మానేస్తాయి. మీకు వారం ఉంది గనుక ఈ రెండు రోజులు వెచ్చించండి.

మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు వరకు మంద చింతచెట్టు కిందో మర్రి కిందో పడుకుంటుంది. చాలామంది ఆ వేళ కెమెరా సర్దేస్తారు. కాపరి తీరికగా ఉండేది అప్పుడే, నీడలోని వెలుగు ముఖానికి మెత్తగా ఉంటుంది, కాపరి ముఖం ఫొటోలు అప్పుడు తీయండి. తీసినవి ప్రింటు వేయించి తప్పకుండా ఇవ్వండి. నేను బాధపెట్టిన ఆ కాపరికి మరుసటి ఏడు ఎర్రటి సాయంత్రంలో తీసిన పెద్ద ప్రింటు ఇస్తే, ఆయన చాలాసేపు చూసి, ఇందులో పొట్టేలు కొమ్ములు సరిగా కనబడలేదని చెప్పి, దాన్ని పట్టుకొని చింతచెట్టు నీడలో నిటారుగా నిలబడ్డాడు. అలాగే తీశాను. ఆయన ఇంట్లో గోడకు ఉన్నది ఆ ఫొటోయే.