1849 తర్వాత జనరల్ బెమ్ జాడ దొరకడం లేదా?

పేరు మారడమే కారణం. ఆస్ట్రియాపై తిరగబడిన హంగరీ విప్లవ సైన్యాన్ని ట్రాన్సిల్వేనియాలో (నేటి రొమేనియాలోని ప్రాంతం) నడిపిన ఈ పోలిష్ ప్రవాసి 1849 ఆగస్టులో, టెమెష్వార్ (నేటి రొమేనియాలోని టిమిషోవారా) ఓటమి దగ్గర ఆధారాల్లోంచి మాయమైపోయినట్టు కనిపిస్తారు. అప్పుడే ఆయన ఒట్టోమన్ (తుర్కీ) రాజ్యంలోకి తప్పించుకున్నారు.

1. అంతవరకూ హంగరీ ఆధారాల్లో 'బెమ్ యోజెఫ్' అని వెతకండి. వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు.

2. ఆ తర్వాత 'మురాద్ పాషా'. అందరూ దాటేసేది ఇదే. శరణార్థులను అప్పగించమని రష్యా, ఆస్ట్రియా పట్టుబట్టడంతో ఆయన ఇస్లాం స్వీకరించారు, కొత్త పేరుతో సుల్తాను సైన్యంలో చేరారు. పాషా అంటే ఒట్టోమన్ ఉన్నతాధికారుల బిరుదు, మురాద్ అనే పేరున్న పాషాలు చాలామంది. పక్కన 'అలెప్పో' (నేటి సిరియాలోని నగరం) తప్పక చేర్చండి. 1850 డిసెంబరులో అక్కడే మరణించారు.

3. సమాధి కావాలంటే పోలండ్‌లోని టార్నూఫ్. స్వస్థలమే, అస్థికలు 1929లో చేరాయి.