సెవెరం చేపల మేత, వసతి: నీరు తేటగా ఉన్నా తలపై గుంటలు ఎందుకు పడతాయి?

ప్రశ్న: ఇంటి అక్వేరియంలో నాలుగు గోల్డ్ సెవెరం చేపలను ఏడాదికి పైగా పెంచుతున్నాను. తొట్టి 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటుంది. చేపలు ఇప్పుడు సుమారు 15 సెంటీమీటర్లకు ఎదిగాయి. ఎండబెట్టిన బ్లడ్‌వార్మ్‌లు (నీటిలో పెరిగే ఎర్రని చిన్న పురుగులు), పచ్చి మాంసపు ముక్కలు, అప్పుడప్పుడు బతికున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లను మేతగా ఇస్తున్నాను. నీరు తేటగానే ఉంటోంది కాబట్టి మార్చకుండా, ఆవిరై తగ్గినంత వరకే నింపుతున్నాను. కొంతకాలంగా రెండు చేపల తలలపై సూదితో గుచ్చినట్లు చిన్న గుంటలు కనిపిస్తున్నాయి, మలం తెల్లని దారంలా వస్తోంది. ఒక చేప మిగతా మూడింటినీ తరుముతోంది. పరీక్ష పట్టీతో చూస్తే తొట్టి నీటి పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువని చెప్పే కొలత) 6, కుళాయి నీటి పీహెచ్ 8 అని వచ్చింది. నైట్రేట్ గడి ముదురు ఎరుపుకు తిరిగింది. నీరంతా తీసివేసి, కొత్త నీరు పట్టి, మందు వేయవచ్చా? వీటికి ఏ మేత ఇవ్వాలి, ఎంత తొట్టి ఉండాలి?

జవాబు: నీరంతా ఒకేసారి తీసివేసే ఆలోచనను ముందుగా విరమించుకోండి. మందు కూడా ఇప్పుడే వద్దు. మీరు రాసిన వివరాలను బట్టి ఈ ఇబ్బందికి మూలం కొంత మేతలో, కొంత తొట్టి పరిమాణంలో ఉంది. ఈ రెంటినీ వేర్వేరు విషయాలుగా చూడడం కుదరదు, ఎందుకంటే చేప తిన్నదానిలో ఒంటికి పట్టగా మిగిలినదంతా చివరకు అది ఊపిరి తీసుకునే నీటిలోనే చేరుతుంది.

ఆ లెక్కను వివరంగా చూద్దాం. మీరు చెప్పిన పరిమాణంలో ఉన్న సెవెరం దాదాపు 100 గ్రాముల బరువు ఉంటుంది. నాలుగింటికి కలిపి, శరీర బరువులో 1 నుంచి 1.5 శాతం చొప్పున, రోజుకు 5 గ్రాముల పొడి మేత సరిపోతుంది. ఆ మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే, మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజనే కాబట్టి, రోజుకు 0.32 గ్రాముల నత్రజని తొట్టిలోకి వస్తున్నట్లు. అందులో దాదాపు సగాన్ని చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా అమోనియాగా వదులుతాయి. మీ తొట్టి పరిమాణం 2 ఘనపు అడుగులు, అంటే 57 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా మిగిలే నీరు 50 లీటర్లకు మించదు. అంత నీటిలో ప్రతి రోజూ లీటరుకు 3 మిల్లీగ్రాముల అమోనియా నత్రజని కలుస్తుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దానిని మొదట నైట్రైట్‌గా, ఆ తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. నత్రజని నైట్రేట్‌గా మారితే బరువు సుమారు 4.4 రెట్లు అవుతుంది కాబట్టి, నీరు మార్చకపోతే వారం తిరిగేసరికి నైట్రేట్ లీటరుకు 90 మిల్లీగ్రాముల దరిదాపులకు చేరుతుంది. సెవెరం చేపలకు అది 20 నుంచి 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఈ పదార్థాలకు రంగు లేదు కాబట్టి నీటి తేటదనాన్ని బట్టి వాటి ఉనికిని అంచనా వేయలేము. తేటదనం చూసి నిర్ణయం తీసుకోవడం పెంపకందారులలో చాలా మందికి ఉన్న అలవాటే.

నీటిని మార్చకుండా నింపుకుంటూ పోవడం వల్ల మరో పరిణామం కూడా జరిగింది. అమోనియాను నైట్రేట్‌గా మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది, అది నీటిలో ఆమ్లాన్ని అణిచి ఉంచే బైకార్బొనేట్‌ను క్రమంగా హరిస్తుంది. కుళాయి నీటిలో 8 ఉన్న పీహెచ్ మీ తొట్టిలో 6కు పడిపోవడానికి ఇదే కారణం. ఇవి అమెజాన్ ప్రాంతపు చేపలు కదా, ఆమ్లగుణమున్న నీరు మంచిదే కదా అనిపించవచ్చు. వాటి సహజ ఆవాసంలో నీరు లవణాలు తక్కువగా, కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉండే మాట నిజమే, కానీ అక్కడ నైట్రేట్ నామమాత్రంగా ఉంటుంది. మీ తొట్టిలో పీహెచ్ పడిపోయింది వ్యర్థాలు పేరుకుపోవడం వల్ల. పీహెచ్ 6 దగ్గర ఆ బ్యాక్టీరియా పని బాగా మందగిస్తుంది, అమోనియా మిగిలిపోతుంది. అయితే అంత తక్కువ పీహెచ్‌లో అది దాదాపు అంతా, అంతగా విషం కాని అమోనియం అయాన్ల రూపంలో ఉండడం వల్ల చేపలు ఇప్పటికి బతికి ఉన్నాయి. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపూరితమైన స్వేచ్ఛా అమోనియా వాటా సుమారు పది రెట్లు పెరుగుతుంది, రెండు అంకెలు పెరిగితే వంద రెట్లకు దగ్గరగా వెళుతుంది. తొట్టిలో ఎక్కువ భాగం నీటిని తీసి పీహెచ్ 8 ఉన్న నీటిని ఒక్కసారిగా పోస్తే, అడుగున మిగిలిన నీటిలోని అమోనియా విషంగా మారుతుంది. అంతా తీసివేసినా, పీహెచ్‌లోనూ లవణాలలోనూ వచ్చే ఆకస్మిక మార్పును నీరసించిన చేపలు తట్టుకోలేవు. నీరు మార్చిన మరునాడే చేపలు చనిపోయాయని వచ్చే ఫిర్యాదులలో కొన్నింటికి కారణం ఇదే.

అందువల్ల రోజుకు పదో వంతు నీటిని మాత్రమే తీసి, అంతే కొత్త నీటిని నెమ్మదిగా పోయండి. ఇలా పది, పన్నెండు రోజులు చేయాలి. కొత్త నీటి ఉష్ణోగ్రత తొట్టి నీటితో సమానంగా ఉండాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే, ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల చొప్పున సోడియం థయోసల్ఫేట్ కలిపి తొలగించాలి. మొదటి రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి, ఎదిగిన సెవెరం అంతమాత్రాన నీరసించదు. ప్రతి రోజూ అమోనియా, పీహెచ్ పరీక్షించి, అమోనియా కనిపించినంత కాలం మేతను సగానికి మించనివ్వకండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే అందులోని బ్యాక్టీరియా నశిస్తుంది కాబట్టి, తొట్టి నుంచి తీసిన నీటిలోనే ముంచి పిండాలి.

ఇక మేత సంగతి. సెవెరం పెద్ద నోరున్న వేట చేప కాదు. అమెజాన్ పరీవాహక ప్రాంతంలో నెమ్మదిగా పారే నీటిలో, వరదకు మునిగిన అడవులలో వేళ్ల నడుమ తిరుగుతూ రాలిన పండ్లు, గింజలు, నాచు, వాటితో పాటు దొరికిన చిన్న పురుగులను తినే సర్వభక్షక చేప ఇది, అందులోనూ మొక్కల వైపే ఎక్కువ మొగ్గు. మాంసపు ముక్కలను ఆశగా తింటోంది కదా అని అదే మేతగా ఇవ్వడం సరికాదు, ఎందుకంటే ఆశగా తినడం అనేది అవసరానికి గుర్తు కాదు. భూచర జంతువుల మాంసంలోని కొవ్వు దీని కాలేయానికి భారమవుతుంది, తినకుండా వదిలిన తునకలు నీటిని పాడు చేస్తాయి. బ్లడ్‌వార్మ్‌లు వారానికి ఒకసారి రుచికి పనికొస్తాయే తప్ప పూర్తి మేత కావు. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వెంటనే ఆపండి. వాటి ఒంట్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, పైగా అవి పరాన్నజీవులను వెంట తెస్తాయి.

రోజువారీ మేతగా స్పైరులినా అనే నాచు కలిసి, 35 నుంచి 40 శాతం మాంసకృత్తులు ఉన్న, మెల్లగా మునిగే గుళికలను ఎంచుకోండి. సి విటమిన్ కలిపిన రకమైతే మరీ మంచిది, అయితే డబ్బా తెరిచాక ఆ విటమిన్ త్వరగా తగ్గిపోతుంది కాబట్టి రెండు, మూడు నెలల్లో వాడేయగలిగినంతే కొనుక్కోవాలి. గుళికలను రోజుకు రెండు సార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత వరకే వేయండి. వారానికి మూడు రోజులు ఒక పూట గుళికలకు బదులు, వేడి నీటిలో కాసేపు ఉంచి పొట్టు తీసిన బఠాణీలు, మెత్తబడిన పాలకూర, పలుచగా కోసిన దోసకాయ ముక్కలు ఇవ్వవచ్చు. బఠాణీ పొట్టు తప్పనిసరిగా తీయాలి. కూరగాయలు ఎక్కడ పండినా వాటిపై పురుగుమందు లేకుండా బాగా కడగాలి, తినకుండా మిగిలినవి కొన్ని గంటలలో తీసివేయాలి. మీ చేపలు మాంసానికి అలవాటు పడ్డాయి కాబట్టి మొదట కూరగాయలను ముట్టకపోవచ్చు. ఒక రోజు ఉపవాసం తరువాత బఠాణీని చిదిమి వేస్తే క్రమంగా దారిలోకి వస్తాయి, జాలిపడి మళ్లీ మాంసం వేయకుండా ఉండడమే ఇందులో కష్టమైన భాగం. పురుగులకు బదులుగా రొయ్య ముక్కలను లేదా శుభ్రం చేసిన వానపామును వారానికి ఒకసారి ఇవ్వవచ్చు. వారంలో ఒక రోజు ఏ మేతా వేయకండి.

తొట్టి మార్చక తప్పదు. సెవెరం 20 సెంటీమీటర్ల వరకు, కొన్నిసార్లు ఇంకా కొంచెం ఎక్కువగా పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. అడుగు వెడల్పున్న తొట్టిలో అంతటి చేప సరిగా తిరగనైనా తిరగలేదు. ఒక జతకు కనీసం 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టి, అంటే సుమారు 255 లీటర్లది అవసరం. ఇందాకటి లెక్కనే దీనికి వర్తింపజేస్తే, జతకు సరిపోయే 2.5 గ్రాముల రోజువారీ మేతకు వారానికి చేరే నైట్రేట్ లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే కాబట్టి, వారానికోసారి మూడో వంతు నీరు మార్చుతూ పోవచ్చు. నాలుగింటినీ కలిపే ఉంచదలిస్తే 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉండాలి. నా అభిప్రాయంలో ఎత్తు కంటే వెడల్పు మీద ఖర్చు పెట్టడం మేలు. 255 లీటర్ల తొట్టి నీటితో కలిసి 300 కిలోలు దాటుతుంది కాబట్టి సాధారణ బల్ల మీద పెట్టకండి.

కొత్త తొట్టిలో బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత ఫిల్టర్‌ను తడి ఆరకుండా కొత్త తొట్టికి మార్చి, కొత్త ఫిల్టర్ పక్కనే నడిపిస్తే ఈ గడువు చాలా తగ్గుతుంది. గంటకు తొట్టి నీటికి నాలుగైదు రెట్లు తిప్పగల ఫిల్టర్ సరిపోతుంది, కానీ ఇవి నెమ్మదైన నీటి చేపలు కాబట్టి దాని ధార నేరుగా వాటిపై పడకుండా గోడ వైపు తిప్పండి. నీటి వేడిమి 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య, పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య స్థిరంగా ఉంటే చాలు. అడుగున మెత్తని ఇసుక, దాగడానికి రెండు మూడు పెద్ద చెక్క మొద్దులు, పైన తేలే మొక్కలు, మందమైన వెలుతురు ఉండాలి. మెత్తని ఆకుల మొక్కలను ఇవి తినేస్తాయి, మొద్దుకు కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ కొంతవరకు నిలుస్తాయి.

తరుముకోవడం ఈ జాతికి సహజమే. ఇరుకు తొట్టిలో ఓడిన చేపకు కనుమరుగయ్యే చోటు లేకపోవడం వల్ల అది హింసగా మారుతుంది. తరిమే చేప మరొక దానిని మాత్రం వదిలేసి, దాని పక్కనే తిరుగుతూ, రాతిని లేదా మొద్దును నోటితో శుభ్రం చేస్తుంటే అవి జత కట్టాయని అర్థం. అప్పుడు మిగతా రెండింటిని వేరే తొట్టికి మార్చడమే మార్గం. మార్కెట్‌లో ఎక్కువగా దొరికే హీరోస్ ఎఫాసియేటస్ జాతి రాతి మీదనో మొద్దు మీదనో వందల గుడ్లు పెడుతుంది, వాటికి ఆడ, మగ రెండూ కాపలా కాస్తాయి. ఆ సమయంలో అవి తోటి చేపలను దగ్గరకు రానివ్వవు.

తలపై గుంటల విషయానికి వస్తే, ఇది పోషకాల లోపం, పేరుకుపోయిన నైట్రేట్, పేగులలో ఉండే స్పైరోన్యూక్లియస్ అనే పరాన్నజీవి కలిసి తెచ్చే జబ్బుగా భావిస్తారు. తెల్లని మలం ఒక్కటే ఆ పరాన్నజీవికి రుజువు కాదు, పేగు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అలాగే వస్తుంది. నీరు, మేత సరిదిద్దిన తరువాత మూడు, నాలుగు వారాలలో కొత్త గుంటలు పడకుండా, ఉన్నవాటి అంచులు పూడుకుంటే మందు అవసరం లేదు. లోతైన వాటి మచ్చ మాత్రం శాశ్వతంగా మిగలవచ్చు. చేప మేత మానేసినా, పొట్ట లోపలికి పోయినా, గుంటల నుంచి తెల్లని పదార్థం వస్తున్నా ఆలస్యం చేయకుండా పశువైద్యునితో మలాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షింపజేయండి. పరాన్నజీవి ఉన్నట్లు తేలితే మెట్రోనిడజోల్ అనే మందును ఆయన చెప్పిన మోతాదులో మేతలో కలిపి ఇవ్వడం నీటిలో వేయడం కంటే మేలు, ఎందుకంటే మందు పేగుకు నేరుగా చేరుతుంది. చేప మేత ముట్టనప్పుడే నీటిలో వేయవలసి వస్తుంది, ఆ రోజులలో ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే తీసి ఉంచండి, లేకపోతే అది మందును పీల్చేస్తుంది.