మా ఊరి లెక్కలన్నీ రాసుకుపోయారు, ఏం తేలింది?

(ఆదివాసీ, గ్రామీణ జీవితాల అధ్యయనం మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు, మానవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలి జవాబులు)

ప్రశ్న: మాది హుకుంపేట వైపు కొండ ఊరు. ఆరేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థి మా ఇంట్లోనే ఇరవై రోజులున్నాడు. మా నాయనమ్మ చేత పెళ్లిపాటలు పాడించుకున్నాడు. ఇంటింటికీ తిరిగి ఎన్ని మేకలు, ఎంత పోడు అని రాసుకున్నాడు. డాక్టరేట్ వచ్చిందని తెలిసింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడు. నాయనమ్మ పోయింది. ఆ పాటలు, ఫోటోలు మాకు చూపించాల్సిన బాధ్యత ఆయనకు లేదా మేడమ్? – ఒక ప్రైమరీ స్కూల్ టీచర్

జవాబు: ఎందుకు లేదు బాబూ, ఉంది. కానీ ఆ అబ్బాయిని తిట్టేముందు నా సంగతి నేను చెప్పుకోవాలి.

1980ల్లో నేనూ అరకు వైపు ఒక కొండదొరల ఊళ్లో తొమ్మిది నెలలున్నాను. మొదటి నెలంతా నాకు ఒక్క నిజం లెక్క దొరకలేదు. పోడు ఎంతుందంటే "ఏదో ఉందిలెండి" అనేవారు. నన్ను ఫారెస్టువాళ్లు పంపారనుకున్నారట. పైగా నేను ఎకరాల్లో అడుగుతుంటే, వాళ్లు ఎన్ని కుంచాల చోళ్లు చల్లామన్న లెక్కలో ఆలోచిస్తున్నారు. ఈ తేడా తెలియడానికే నాకు ఆరు వారాలు పట్టింది. తర్వాత మలేరియా వచ్చి పడిపోయాను. పక్కింటి అత్త రోజూ అంబలి తెచ్చి తాగించేది. లేచి తిరిగే సరికి ఊరు మారిపోయింది. ఎవరి పోడు ఎంతో, ఎక్కడో, అడక్కుండానే చెప్పేవారు.

అవన్నీ పట్టికలుగా వేసి, ఊరి అసలు పేరుతో, మ్యాపుతో సహా థీసిస్‌లో పెట్టాను. బాగా రాశావని మెచ్చుకున్నారు కూడా. కొన్నేళ్లకు విశాఖలో ఒక మీటింగులో ఒక అధికారి నా పట్టిక కాపీ తీసి, "చూడండి, ఈ ఊళ్లో అడవి ఎంత కొట్టేశారో మీ మనుషులే రాశారు" అన్నాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ లెక్క వల్ల ఆ ఊరివాళ్ల మీద కేసులేమీ పడలేదని తర్వాత వాకబు చేసి తెలుసుకున్నాను. అది నా జాగ్రత్త వల్ల మాత్రం కాదు.

పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఆ ఊరు వెళ్తే, అంబలి పోసిన అత్త నన్ను గుర్తుపట్టి అడిగిన మొదటి మాట: "ఏటమ్మీ, కోడిపిల్లల్ని కూడా నెక్కెట్టుకుని ఎలిపోనావు, ఏటి తేలింది మరి?" నా దగ్గర జవాబు లేదు. థీసిస్ ఇంగ్లీషులో ఉంది, యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. మర్నాడు రాత్రి కూర్చుని, గుర్తున్నంత వరకు ఒక అధ్యాయం తెలుగులో చెప్పాను. పదినిమిషాల్లో రెండు తప్పులు పట్టుకున్నారు. నేను అన్నదమ్ములని రాసిన ఇద్దరిలో ఒకడు ఇల్లరికం వచ్చిన అల్లుడట! ఊరంతా ఒకటే నవ్వు. ఆ తప్పు అచ్చులో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకోలా చేసినవాళ్లూ లేకపోలేదు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి మన దేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్‌వాళ్లకు శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటి తిరగొద్దన్నారు. అలా కట్టడిలో ఉన్న ఏళ్లలోనే ఆయన, భార్య బెట్టీ చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి పనిచేశారు. 1940లో జోడేఘాట్‌లో, తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీంను కాల్చి చంపాక, ఈ గోండులకు ఏం కష్టం వచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకూ పడింది. కాబట్టి ఆయన్ని సర్కారు మనిషి కాడని నేననను. అయితే మార్లవాయి అనే గోండు ఊళ్లో 1943లో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండు పిల్లలకు గోండీలోనే వాచకాలు రాయించాడు. వేలమందికి భూమి పట్టాలు అందేలా చూశాడు. ఆయన పుస్తకాలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఊళ్లో వాటిని చదివినవాళ్లు ఎందరుంటారు? అయినా బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే ఖననం చేశారు. ఆయన సమాధీ ఇప్పుడు ఆమె పక్కనే ఉంది. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి తమ పద్ధతిలో పూజ చేస్తారు. అది పట్టాకూ, బడికీ దక్కిన గౌరవమని నా లెక్క.

ఇక మీ పని. శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ మండలం పేరు, మీ తెగ పేరు కొట్టి వెతకండి. దొరక్కపోతే ఆ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఉత్తరం రాయండి. ఏ నెలలో వచ్చాడు, ఎవరింట్లో ఉన్నాడు, ఏమేం రికార్డు చేశాడు, అన్నీ పెట్టండి. విద్యార్థి ఫోన్ ఎత్తకపోవచ్చు గానీ, ఆఫీసుకు వచ్చిన కాగితం ఫైల్లో పడుతుంది. ఇకముందు ఎవరొచ్చినా మొదటిరోజే ఊరందరి ముందు కూర్చోబెట్టి, తిరిగి ఏమిస్తాడో కాగితం మీద రాయించుకోండి. పోడు లెక్కలు అడిగితే మాత్రం ఊరి పేరు మార్చి రాస్తానంటేనే చెప్పండి.

ప్రశ్న: ఎమ్మే ఆంత్రోపాలజీ చేస్తే ఉద్యోగం వస్తుందా? ఇంట్లో టెన్షన్ పెడుతున్నారు. – ఒక డిగ్రీ విద్యార్థిని, తుని

జవాబు: గ్యారంటీ ఏమీ లేదు తల్లీ. ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదవొచ్చు. 1945లో పుట్టిన ఆంత్రోపొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, గిరిజన పరిశోధన సంస్థలు ఉన్నాయి. పోస్టులు పడేది మాత్రం తక్కువ. చాలామంది సివిల్స్‌లో ఆప్షనల్‌గా దీన్ని తీసుకుంటారు. అక్కడితో ఆగితే ఊరికి పోవాల్సిన పనే ఉండదు, గైడు బట్టీపడితే చాలు. నాకు అది నచ్చదు. కానీ మీ ఇంటి అద్దె నేను కట్టను కదా.

ప్రశ్న: థర్‌స్టన్ పుస్తకంలో మా ఎరుకల కులం గురించి దొంగలని రాశారని ఒకాయన పదిమందిలో చదివి వినిపించాడు. అది శాస్త్రమేనా? – ఒక పాఠకుడు, చీరాల

జవాబు: ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. రంగాచారి సాయంతో దక్షిణాది కులాలు, తెగల మీద 7 సంపుటాలు 1909లో అచ్చువేశాడు. కనిపించినవాళ్ల ముక్కులకు, పుర్రెలకు కొలతలు తీసే అలవాటు ఆయనది. ముక్కు వెడల్పును బట్టి జాతిని నిర్ణయించవచ్చని ఆ రోజుల్లో పెద్ద పెద్దవాళ్లే నమ్మారు. ఆ నమ్మకం ఎప్పుడో కూలిపోయింది.

మీవాళ్ల గురించి రాసింది ఎవరు చెప్పగా రాశారో చూడండి. చాలావరకు పోలీసు రికార్డులు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. పుట్టిన కులాన్ని బట్టే మనిషి పేరు స్టేషన్ రిజిస్టర్‌లో ఎక్కేది. అంతకుముందు ఎరుకలవాళ్లు చేసిన పనేమిటి? గాడిదల మీద, ఎడ్ల మీద తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం మోసి అమ్మడం. రైళ్లు వచ్చి ఆ బేరం దెబ్బతీశాయి. ఊరూరా తిరిగేవాణ్ని పోలీసు అనుమానంగా చూశాడు, మ్యూజియం దొర దాన్ని స్వభావమని రాసుకున్నాడు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చట్టం కింద మీవాళ్లను తెచ్చి పెట్టిన స్టువర్టుపురం చీరాల పక్కనే ఉంది కాబట్టి ఆ పేరు మోయడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా.

అలాగని ఆ సంపుటాలు తగలబెట్టమని అనను. ఇంటిపేర్లు, పెళ్లి తంతులు, సామెతలు, ఇప్పుడు మరెక్కడా దొరకనివి అందులో ఉన్నాయి. ఈసారి ఆయన పదిమందిలో చదివితే, ఉప్పు బేరం సంగతి మీరూ పదిమందిలోనే అడగండి.

ప్రశ్న: ఎప్పుడూ గిరిజనుల మీదేనా? మా మామూలు పల్లెటూరి మీద ఎవరూ రాయరా? – ఒక రైతు, సిద్దిపేట

జవాబు: రాయకేం, మీకు దగ్గర్లోనే రాశారు. శామీర్‌పేట. ఇప్పుడు చెరువు, దాబాలు, కార్ల రద్దీ గుర్తొస్తాయి గానీ, 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే ఒక బృందాన్ని తీసుకుని ఆ ఊరికి వెళ్లాడు. ఏ కులం ఇంట్లో ఎవరు తింటారు, చాకలికి, మంగలికి ధాన్యం ఎంత కొలుస్తారు, ఎవరి మాట చెల్లుతుంది, ఇలాంటివన్నీ రాసి 1955లో పుస్తకం వేశాడు. మన దేశంలో ఒక ఊరిని పూర్తిగా పట్టుకుని రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి. అందులో ఊరి పేరు అసలుదే.

మైసూరు వైపు ఎం.ఎన్. శ్రీనివాస్ మాత్రం తాను ఉన్న ఊరికి రాంపుర అని మారుపేరు పెట్టాడు. ఆయన కథ వింటే మీకు ఆశ్చర్యమేస్తుంది. 1970 ఏప్రిల్‌లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో కూర్చుని రాస్తుండగా, ఎవరో నిప్పుపెడితే ఆయన సిద్ధం చేసుకున్న నోట్సంతా కాలిపోయింది. కొన్నాళ్లు కుంగిపోయి, చివరికి మనసులో మిగిలిన ఊరినే రాశాడు. అది 1976లో వచ్చింది. పట్టికలు కాలిపోవడం వల్లే అందులో మనుషులు బతికి కనిపిస్తారని నాకనిపిస్తుంది. ఈ మాట నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నోట్సు రాయడం మానేస్తారని భయం.

ప్రశ్న: మాది సీతంపేట వైపు సవర ఊరు. మా అమ్మమ్మకు చాలా పాటలు వచ్చు. ఫోన్లో రికార్డు చేద్దామంటే సిగ్గుపడుతుంది. ఎలా మొదలుపెట్టాలి? – ఒక నర్సింగ్ విద్యార్థిని

జవాబు: "పాడు అమ్మమ్మా" అని ఫోన్ ఎదురుగా పెడితే ఎవరూ పాడరు. ఆమె చింతపండు గింజ తీస్తుంటే మీరూ కూర్చుని తియ్యండి. ఫోన్ ఉందని చెప్పండి, దాచొద్దు, కానీ పక్కన చాట మీద పడేసి ఉంచండి. తెలుగులో కాదు, సవరలోనే అడగండి. మీకు సరిగ్గా రాకపోతే ఇంకా మంచిది, తప్పు మాట్లాడితే దిద్దుతుంది. దిద్దేటప్పుడు సిగ్గు పోతుంది.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిందీ ఇదే. సవర మనుషుల్ని ఇంట్లో పెట్టుకుని, వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. వ్యాకరణం 1931లో గానీ అచ్చు కాలేదు. కాబట్టి మీరు తొందరపడక్కర్లేదు.

కొన్ని పాటలు చావు దగ్గరో, విత్తనాల పండగకో తప్ప పాడకూడదని అమ్మమ్మ అనొచ్చు. అప్పుడు బతిమాలకండి. ఆ పాట ఉందని, ఎప్పుడు పాడతారో రాసుకోండి, చాలు. ప్రతి ఫైలుకూ తారీఖు, పాడినవాళ్ల పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందు నోటితో చెప్పి పెట్టండి. వాట్సాప్‌లో పెట్టే ముందు ఆమెను అడగండి.

అయిపోయాక ముందు ఆమెకే వినిపించండి. నేను చూసిన ముసలివాళ్లు సగంమంది తమ గొంతు విని, "ఇలాగా పాడాను, కాదు కాదు" అని మళ్లీ మొదలుపెట్టారు. అప్పటికి మనం ఫోన్ ఆపేసి ఉంటాం. ఆపకండి.